మన లెక్కలు – 9: విమానం దిగాక మొదటి తొంభై రోజులు

పోయిన అక్టోబరులో ఒక రాత్రి పదకొండున్నరకి నా ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. గీతల నోట్‌బుక్కులో ఒక పేజీ. పైన "నెల ఖర్చు" అని తెలుగులో రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది. ఆ దస్తూరి నాకు తెలుసు. డిగ్రీలో తెలుగు పేపర్లు దిద్దినప్పుడు చూసిన దస్తూరే.

కిరాయి 480.
తిండి 140.
బస్సు పాసు 60.
ఫోను 10.
బట్టలు ఉతకడానికి 20.
ఇంటికి 100.
అనుకోనిది –

చివరి వరసలో అంకె లేదు. అడ్డగీత మాత్రమే ఉంది. అన్నీ పౌండ్లు. మొత్తం 810.

ఫొటో కింద ఒక్క వాక్యం: "మేడం, ఇండ్ల ఏది తగ్గియ్యాల్నో మీరే చెప్పండి."

ఆ పిల్ల పేరు రాయను. మా కాలేజీలో బీఎస్సీ చదివింది. నాన్న లేడు. అమ్మ ఎండాకాలం ఉపాధి హామీ పనికి, చలికాలం పత్తి ఏరడానికి పోతుంది. వాళ్ల మాదిగ వాడలో పాస్‌పోర్టు తీసుకున్న మొదటి మనిషి ఆ పిల్లే. ఇంగ్లండు ఉత్తరాన ఒక యూనివర్సిటీలో ఏడాది మాస్టర్స్ కోర్సు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మంజూరైంది. "పో బిడ్డా, బాబాసాహెబ్ కూడా స్కాలర్‌షిప్ మీదనే పోయిండు" అని ధైర్యం చెప్పి పంపింది నేనే. అందుకే ఆ ప్రశ్న నన్ను అడిగే హక్కు ఆమెకుంది. జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

తెల్లారి లేచి నేనేం చేశానో చెప్తాను. సిగ్గుపడుతూనే చెప్తాను. అందరూ చెప్పే సలహాలే నేనూ చెప్పాను. తెలుగు వాళ్లతో కలిసి ఇల్లు తీసుకో, కిరాయి తగ్గుతుంది. ఏడాదిపాటు ఇంటికి పంపకు. పార్ట్‌టైమ్ గంటలు పెంచుకో. స్కాలర్‌షిప్ వచ్చేదాకా ఎట్లనో సర్దుకో.

నాలుగు సలహాలూ మంచివే. నాలుగింటికీ ఆమె జవాబు చెప్పింది. ఈ వారం రాస్తున్నది ఆ జవాబుల గురించి.

మొదట ఆ 810 సంగతి

బ్రిటన్‌కు చదువుకోడానికి వచ్చేవాళ్లు బతకడానికి నెలకు ఎంత ఉండాలో ఆ దేశ ప్రభుత్వమే ఒక అంకె పెట్టింది. 2025 జనవరి నుంచి ఆ అంకె లండన్‌లో 1,483 పౌండ్లు, లండన్ బయట 1,136. తొమ్మిది నెలలకు సరిపడా ఆ డబ్బు ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉన్నట్టు చూపిస్తేనే వీసా. ఆమె వెళ్లినప్పుడు ఉన్న అంకెలివి. తర్వాత ఇంకా పెంచారు.

అంటే తక్కువలో తక్కువ 1,136 ఉండాలని దొరతనం అన్నచోట మా పిల్ల 810తో బతుకుతోంది. అందులో 100 ఇంటికి పోతే మిగిలేది 710. ఇంత తగ్గించుకున్నాక కూడా ఇంకా ఏం తగ్గించమంటారు అని అడుగుతోంది. నేను సలహా చెప్తున్నాను!

దుబారా చేసేవాళ్లకు పొదుపు పాఠం చెప్పొచ్చు. పుట్టినప్పటి నుంచి పొదుపులోనే ఉన్నవాళ్లకు ఏం చెప్తాం? మా అమ్మ కిరాణా కొట్టు ఖాతాలో పావుకిలో పప్పు రాయించుకుని నాలుగు రోజులు వండేది. బడ్జెట్ అనే మాట తెలియకపోవచ్చు గానీ మన ఇళ్లల్లో ప్రతి ఆడమనిషీ ఆర్థికమంత్రే. మనకు లెక్కలు రాక కాదు ఇబ్బంది. లెక్కలో వేయాల్సిన కొన్ని ఖర్చులు ఎవరి పుస్తకంలోనూ ఉండవు.

మొదటి సలహా: తెలుగు వాళ్లతో కలిసి ఉండు

ఉంది. దిగిన మొదటి మూడు వారాలు ఆమె ఆరుగురు తెలుగు అమ్మాయిలున్న ఇంట్లోనే ఉంది. వాట్సాప్ గ్రూపులో దొరికిన ఇల్లు. కరెంటు, గ్యాసు, నెట్ అన్నీ కలిపి మనిషికి 340 పౌండ్లు. ఎయిర్‌పోర్టుకు ఎదురొచ్చి తీసుకెళ్లారు. మొదటి రాత్రి పప్పుచారు పెట్టారు. ఫోన్లో ఎంత సంతోషంగా చెప్పిందో.

నాలుగో రోజు ఇంటిపేరు అడిగారు. ఇంటిపేరుతో తేలలేదు. ఊళ్లో ఇల్లు ఎక్కడని అడిగారు. నాన్న ఏం చేసేవాడని అడిగారు. స్కాలర్‌షిప్ మీద వచ్చావా అని అడిగారు. అక్కడితో తేలిపోయింది.

తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఆమె గిన్నె పొయ్యి పక్కనుంచి సింకు కిందికి పోయింది. "ఈ వంటింట్లో వెజ్ మాత్రమే" అని ఒక కాగితం అంటించారు. ఆ కాగితం అంటించిన చేతే అంతకుముందు ఆదివారం చికెన్ వండింది. సరుకులు కలిసి తెచ్చుకునే గ్రూపు ఒకటుండేది. అందులో మెసేజీలు ఆగిపోయాయి. కొత్త గ్రూపు పెట్టుకున్నారని ఆమెకు పది రోజుల తర్వాత తెలిసింది.

పొమ్మనలేక పొగబెట్టడం అంటాం కదా, అదే. ఇంగ్లండు చలిలో.

"అక్కా, తిడితే ఎదురు తిట్టేదాన్ని. గిన్నె జరిపితే ఏమని కొట్లాడాలె?" అని అడిగింది. మేడం అనడం మరిచిపోయి అక్కా అన్నది ఆ ఒక్కసారే.

ఆ ఇంట్లో కట్టిన అడ్వాన్సులో రెండు వారాల డబ్బు పోగొట్టుకుని, వేరే దేశాల పిల్లలున్న ఇంట్లో 480 పౌండ్ల గది తీసుకుంది. తేడా నెలకు 140. పన్నెండు నెలలకు 1,680 పౌండ్లు.

ఈ అంకె పక్కన ఇంకో అంకె పెడతాను. ఆమె కట్టిన వీసా ఫీజు 524 పౌండ్లు. ఏడాది కోర్సుకు వచ్చే వీసా మీద ఆరోగ్య సర్‌చార్జీ 1,164 పౌండ్లు. రెండూ కలిపి 1,688. అంటే ఆ దేశంలోకి అడుగుపెట్టడానికి ఎంత కట్టిందో, మన తెలుగు ఇంట్లోంచి బయటపడడానికీ దాదాపు అంతే కట్టింది. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి రసీదు లేదు. నేను దానికి కులం కిరాయి అని పేరు పెట్టుకున్నాను.

చట్టం లేదా అని అడగొచ్చు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చడానికి దారి పెట్టుకుంది. 2013లో చేర్చి తీరాలని పార్లమెంటు చెప్పింది. 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, కోర్టు తీర్పులే చాలు అంది. అమెరికాలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్ర బిల్లును గవర్నరు వీటో చేశాడు. పోరాటాలు నడుస్తున్నాయి. కానీ సింకు కిందికి జరిగిన గిన్నెకు ఏ చట్టం కింద కేసు పెట్టాలో నాకైతే తెలియలేదు.

అందుకే అంటున్నాను. "నలుగురు కలిసి ఉంటే ఖర్చు తగ్గుతుంది" అనేది లెక్కల మాటలా కనబడుతుంది గానీ, ఆ నలుగురిలో నిన్ను కలుపుకుంటారా అన్నదే అసలు లెక్క. కలుపుకునే వాళ్లకు 340. కలుపుకోని వాళ్లకు 480. ఒకే ఊరు, ఒకే చలి.

రెండో సలహా: ఇంటికి పంపకు

"మేడం, అది నేను అమ్మకు పంపేది కాదు. మిత్తి" అన్నది.

బ్యాంకు 7.5 లక్షల దాకా అప్పిచ్చింది. అది ఫీజుకే పోయింది. అంతకుమించి కావాలంటే ఆస్తి తాకట్టు పెట్టాలి. వాళ్లకున్నది ఎకరం పావు అసైన్డ్ భూమి. బ్యాంకు మేనేజరు ఆ పట్టా కాగితం చూసి, మడిచి, మర్యాదగా తిరిగిచ్చేశాడు. భూమిలేని వాళ్లకు ప్రభుత్వం భూమి ఇచ్చింది సరే. ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవడానికి లేని భూమి మీద అప్పు పుట్టదని ఆ రోజు వాళ్లమ్మకు అర్థమైంది. పక్క ఊరి పటేలు కొడుకు మూడెకరాల పట్టా పెట్టి ఇరవై లక్షలు తెచ్చుకున్నాడు. వాడిదీ విద్యా రుణమే. ఆమెదీ విద్యా రుణమే.

మిగతా ఖర్చుకు ఊళ్లోనే ఐదు లక్షలు తెచ్చారు. నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు పదివేలు. పౌండు 118 రూపాయలు అనుకుంటే 100 పౌండ్లు 11,800. మిత్తి కట్టాక మిగిలిన 1,800 అమ్మ బీపీ గోళీలకు, కరెంటు బిల్లుకు.

నేను తీసెయ్యమన్నది ఆ వరసని.

విదేశీ చదువుల బడ్జెట్ అంటే ఇంటి నుంచి పిల్లలకు డబ్బు పోవడమే అనుకుంటారు. మన పిల్లలకు డబ్బు రెండువైపులా నడుస్తుంది. ఇంటికి పంపేది ప్రేమ కొద్దీ పంపుతున్నారు, కాస్త గట్టిగా ఉంటే ఆపుకోవచ్చు అని సలహా ఇచ్చేవాళ్లకు నాదొక మనవి. ముందు మిత్తి ఎంతో అడగండి.

మూడో సలహా: పని గంటలు పెంచుకో

2025లో ఇక్కడ హైదరాబాదు ఏజెంట్లు చెప్పిన లెక్క ఇలా ఉండేది. అక్కడ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. స్టూడెంట్ వీసా మీద చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు. అంటే వారానికి 244. నెలకు దగ్గర దగ్గర 977. ఖర్చు పోను మిగులుతుంది కూడా!

అంకెలు తప్పు కాదు. 2025 ఏప్రిల్ నుంచి, ఆమె వెళ్లినప్పుడు, 21 ఏళ్లు నిండినవాళ్లకు కనీస వేతనం అదే ఉండేది. కానీ 20 గంటలు అనేది పై హద్దు. అంత పని దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆమెకు మొదటి పని దొరకడానికి ఏడు వారాలు పట్టింది. దొరికింది వారానికి 12 గంటలు. నెలకు 586. పరీక్షల నెలలో అదీ సగం.

ఈ మధ్యలోనే అసలు ప్రమాదం ఉంది. "మిగతా గంటలు చేతికి క్యాష్ ఇస్తాం, కాగితం మీద చూపించం" అని ఒకరు అడిగారట. మన పిల్లలు బలయ్యేది అక్కడే. 20 గంటలు దాటితే వీసా నిబంధన తప్పినట్టే. వీసా పోతే చదువు పోతుంది, అప్పు మాత్రం ఉంటుంది. అమెరికాలో ఇంకా కఠినం. మొదటి ఏడాది క్యాంపస్ బయట పనే కుదరదు. క్యాంపస్‌లోనూ క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. అయినా పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో దొంగచాటుగా పనిచేసే మన తెలుగు పిల్లలు ఎందరో మీకు తెలుసు, నాకూ తెలుసు. వాళ్లను నేను తప్పుపట్టను. ఊళ్లో మిత్తి నడుస్తుంటే క్యాష్ ఇస్తానన్నవాడు దేవుడిలాగే కనబడతాడు. వాడికి ఆ సంగతి తెలుసు. అందుకే ఎనిమిది పౌండ్లకు పని చేయించుకుంటాడు.

ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు ఒక పూట తిండి మానేసింది. అది తర్వాత తెలిసింది నాకు.

నాలుగో సలహా: స్కాలర్‌షిప్ వచ్చేదాకా సర్దుకో

ఈ సలహా ఇచ్చినందుకు నన్ను నేను క్షమించుకోలేను. ఎందుకంటే నాకు తెలియని విషయం కాదు.

పీహెచ్‌డీ చేసేటప్పుడు నాకూ ఫెలోషిప్ ఉండేది. కాగితం మీద నెలనెలా. ఖాతాలో మాత్రం ఆరు నెలలకో, ఎనిమిది నెలలకో. ఆ మధ్యలో మెస్ బాకీ బోర్డు మీద నా పేరు ఉండేది. నేను దళిత ఆత్మకథల మీద థీసిస్ రాస్తున్న రోజులవి. ఆ ఆత్మకథల్లో ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట ఫీజు కట్టాల్సిన ఆఖరు తేదీ ఉంటుంది, డబ్బు తెస్తానని వెళ్లిన నాన్న ఉంటాడు. పొద్దున అది చదివి నోట్సు రాసుకుని, మధ్యాహ్నం బోర్డు మీద పేరు చూడకుండా మెస్‌లోకి ఎట్లా పోవాలా అని ఆలోచించేదాన్ని. మంజూరైన డబ్బుకీ చేతికొచ్చిన డబ్బుకీ మధ్య ఉన్న నెలల్లోనే మన పిల్లలు చదువు మానేస్తారు. డబ్బు లేక మానేశారని రాస్తారు. డబ్బు ఆలస్యమై మానేశారని రాయరు.

విదేశాలకు పంపే పథకాల్లో ఈ ఆలస్యం నిబంధనలోనే ఉంది. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షలు ఇస్తారు. మంచి పథకం. దానివల్ల విమానం ఎక్కిన పిల్లలు నా చుట్టూనే ఉన్నారు. కానీ ఆ డబ్బు రెండు వాయిదాల్లో వస్తుంది. మొదటిది ఆ దేశంలో దిగినట్టు ఆధారం పంపిన తర్వాత. రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించిన తర్వాత. ప్రజల డబ్బు కాబట్టి వెళ్లారో లేదో చూసుకోవాలి, నిజమే. కానీ దిగితేనే డబ్బు అన్నప్పుడు, దిగడానికి డబ్బు ఎవరిది?

ఆమె లెక్కతోనే చూడండి. అద్దె ఇంటికి ఐదు వారాల అడ్వాన్సు 554 పౌండ్లు. మూడు నెలల కిరాయి 1,440. తిండి, బస్సు, ఫోను, బట్టలు ఉతకడం కలిపి నెలకు 230 చొప్పున 690. చలికోటు, దుప్పటి, గిన్నెలు 200. మొత్తం 2,884 పౌండ్లు. మన డబ్బుల్లో 3 లక్షల 40 వేలు. వీసా, ఆరోగ్య సర్‌చార్జీ, టికెట్ ఇందులో లేవు.

ఇంకోటి. చాలా ఇళ్ల యజమానులు అక్కడే ఉండే గ్యారంటార్‌ని అడుగుతారు. ఆమె వెళ్లినప్పుడు, గ్యారంటార్ లేకపోతే ఆరు నెలల కిరాయి ముందే కట్టమనేవారు. "హామీ ఇచ్చేవాళ్లు నీకు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని ఆమెను ముగ్గురు అడిగారు. నాలుగో చోట అడగలేదు కాబట్టి గది దొరికింది. ఆలోచిస్తే మన పిల్లల్ని ప్రపంచం ఎక్కడైనా అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. నీకెవరున్నారు? బాబాయి డల్లాస్‌లో ఉన్నవాడికి, మేనమామ మాంచెస్టర్‌లో ఉన్నవాడికి ఆ ప్రశ్న వినబడను కూడా వినబడదు. మొదటి నెల బాబాయి ఇంట్లో ఉంటాడు, కోటు మేనమామ కొనిస్తాడు. ఆ తొంభై రోజుల ఖర్చు అతని లెక్కలో సున్నా.

బాబాసాహెబ్ లెక్క

ఆమెకు ధైర్యం చెప్పడానికి బాబాసాహెబ్ పేరు వాడుకున్నాను కదా. మళ్లీ కూర్చుని ఆ చరిత్ర చదివాను, ఈసారి ఖర్చుల కోసం.

1913 జూలైలో ఆయన న్యూయార్క్‌లో దిగాడు. బరోడా సంస్థానం మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చింది. అప్పటి మారకంలో అది 56 డాలర్లు. గమనించండి, ఇచ్చింది పౌండ్లలో. రూపాయి పడిపోయినా పెరిగినా ఆయన పూట గడిచే లెక్క మారదు. మన రాష్ట్రం ఇచ్చే 20 లక్షలు రూపాయల్లో. డాలరు 65 రూపాయలున్నప్పుడు అది దాదాపు 30,770 డాలర్లు. డాలరు 85 అయితే 23,530. జీవో మారలేదు, అంకె మారలేదు, 7,000 డాలర్లకు పైగా ఆవిరైపోయాయి. రూపాయి మారకం మీద 1923లో ఒక పెద్ద గ్రంథమే రాసిన మనిషి పేరు పెట్టుకున్న పథకంలో మారకం లెక్క లేదు.

ఆ స్టైపెండులోంచే ఆయన ఇంటికీ మిగిల్చేవాడని జీవితచరిత్రకారులు రాశారు. అంటే "ఇంటికి 100" అనే వరస ఆయన పుస్తకంలోనూ ఉంది.

కొలంబియాలో ఆయన చివరికి కుదురుకున్నది లివింగ్‌స్టన్ హాల్‌లో, నావల్ భతేనా అనే పార్శీ మిత్రుడితో. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయి లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చాడు. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగానికి వెళ్తే తలదాచుకోడానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలోంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఆ రచనకు వెయిటింగ్ ఫర్ ఎ వీసా అని పేరు ఉండడం ఇప్పుడు నాకు వేరేగా వినబడుతోంది. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతంలో మిగుల్చుకున్నాడు. కొల్హాపూర్ సాహు మహరాజ్ కొంత ఇచ్చాడు. నావల్ భతేనా ఐదువేలు అప్పిచ్చాడు. 1920లో మళ్లీ లండన్ వెళ్లాడు.

ఒక పార్శీ సత్రం వెళ్లగొట్టింది. ఒక పార్శీ స్నేహితుడు అప్పిచ్చాడు. గది పంచుకున్న మనిషి జీవితాన్ని ఎటు తిప్పగలడో చూడండి.

ఆయన రోజుకు 18 గంటలు చదివాడని మనం సభల్లో చెప్తాం. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ 18 గంటలు చదువుకోనిచ్చిన కిరాయి ఎవరు కట్టారో, ఎప్పుడు ఆగిపోయిందో, ఎవరి అప్పుతో మళ్లీ మొదలైందో చెప్పం. నేనూ చెప్పలేదు. పట్టుదల ఒక్కటే చెప్పి పంపాను.

ఏం అడగాలి

కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌లో ఫీజు కడతారు, భత్యం పౌండ్లలోనే ఇస్తారు. బాగుంది. కానీ బ్రిటన్‌కు ఏడాది నిర్వహణ భత్యం 9,900 పౌండ్లు. నెలకు 825. 2025లో లండన్‌లో బతకడానికి 1,483 కావాలని బ్రిటన్ చెప్తుంటే, మన ప్రభుత్వం 825తో లండన్‌కు పంపింది. 2025 జూలైలో ఆ స్కాలర్‌షిప్‌కు 106 మంది ఎంపికైతే మొదట 40 మందికే మంజూరు పత్రాలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. సెప్టెంబరులో కాలేజీ తెరుస్తారు. జూలైలో "నిధులుంటే" అంటే ఆ ఇంట్లో ఆ నెల ఎట్లా గడుస్తుందో ఊహించండి.

నా డిమాండ్లు మూడే. ఒకటి, వీసా రాగానే మొదటి మూడు నెలల ఖర్చు విమానం ఎక్కకముందే ఖాతాలో పడాలి. వెళ్లకపోతే వసూలు చేసుకోండి, బాండు రాయించుకోండి. రెండు, ఆ దేశం వీసాకు ఎంత కావాలంటుందో అంతే భత్యం, ఆ దేశపు డబ్బుల్లో. ఆ అంకె పెరిగితే ఇదీ పెరగాలి. మూడు, వాయిదాకు తేదీ ఉండాలి. జీతాలకు ఒకటో తారీఖు ఉన్నట్టే.

"ఫ్రీగా పంపిస్తుంటే ఇంకా ఏం కావాలి?" అని రాసేవాళ్లు ఎటూ రాస్తారు. వాళ్లకు నా జవాబు లేదు. మనవాళ్లే కొందరు "ఇన్ని తిప్పలెందుకు, ఇక్కడే చదవొచ్చు కదా" అంటారు. వాళ్లకు చెప్పాలి. ఇక్కడే చదవడం మంచి నిర్ణయమే, అది మనం ఎంచుకున్నది అయితే. డబ్బు ఆలస్యమైనందుకు ఎంచుకోవాల్సి వస్తే అది నిర్ణయం కాదు.

ఈసారి వెళ్లేవాళ్లకు

మొదటి మాట కఠినంగా ఉంటుంది. తొంభై రోజుల డబ్బు చేతిలో లేకుండా విమానం ఎక్కొద్దు. సీటును తర్వాతి ఇన్‌టేక్‌కు జరుపుకోవచ్చేమో యూనివర్సిటీకి రాసి అడగండి. ఆరు నెలలు ఆగడం ఓటమి కాదు. అట్లాగే, ఏజెంటు చెప్పాడని ఏదో ఒక కాలేజీకి ఇరవై లక్షలు తగలెయ్యొద్దు. వీసా కోసం ఖాతాలో చూపించే డబ్బు 28 రోజుల మిత్తికి తెచ్చిపెడతామనే వాళ్లను దగ్గరికి రానివ్వొద్దు. ఆ డబ్బు 29వ రోజు వెళ్లిపోతుంది, మీరు మాత్రం అక్కడ దిగుతారు.

పుస్తకంలో ఈ వరసలు రాయండి. విమానం ఎక్కకముందు అయ్యే ఖర్చు, విడిగా. మొదటి తొంభై రోజులు, సంపాదన సున్నా అనుకుని. రూపాయి పడిపోతే పెరిగే ఖర్చు, పదో వంతు. ఇంటి మిత్తి, సిగ్గుపడకుండా. అనుకోనిది, కనీసం ఒక నెల కిరాయంత. తెలుగు ఇంట్లో ఇముడుతామో లేదో తెలియదు కాబట్టి మొదటి గదిని నెల మీద నెల కట్టేలాగే తీసుకోండి, ఏడాదికి సంతకం పెట్టొద్దు. ఆఖరున మూడు పేర్లు, మూడు ఫోన్ నంబర్లు. అర్ధరాత్రి చేసినా ఎత్తేవాళ్లవి.

ఆ పిల్లకు నేను చివరికి రాసిన జవాబు ఇది: "ఏదీ తగ్గించొద్దు." చీటీ పాడి అరవై వేలు పంపాను. నలుగురు పాత విద్యార్థులు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, తలా కొంత కలిపారు. స్కాలర్‌షిప్ వాయిదా చలికాలం మధ్యలో వచ్చింది. మా డబ్బు తిరిగిచ్చేస్తానంది. నాకు కాదు, తర్వాత వెళ్లేవాళ్లకు ఇవ్వమన్నాం. అట్లా ఆ చిన్న మొత్తం ఇప్పుడు తిరుగుతోంది. ఇది ప్రభుత్వం చేయాల్సిన పనికి బదులు కాదు. ప్రభుత్వం చేసేదాకా నడవాల్సిన పని.

పోయిన వారం ఇంకో ఫొటో వచ్చింది. అదే నోట్‌బుక్కు, కొత్త పేజీ. కిరాయి 480 అట్లాగే ఉంది. "అనుకోనిది" ఎదురుగా 40 అని ఉంది.

ఈ సెప్టెంబరుకు వెళ్తున్న మన పిల్లలు మీ ఇంట్లోనో, మీ వాడలోనో ఉంటే, ఫీజు డిపాజిట్ కట్టకముందే వాళ్ల తొంభై రోజుల పేజీ నాకు ఇన్‌బాక్స్‌లో పంపమనండి. కలిసి కూర్చుని చూద్దాం. ఉద్యోగాల్లో ఉన్న మిత్రులు ఆ మూడు ఫోన్ నంబర్లలో ఒకటి మీదిగా రాసుకోమని చెప్పండి.

వచ్చే వారం: పది, తిరిగొచ్చాక అప్పు.

జై భీమ్.